పెట్టెలవీధి వినయం

పెట్టెలవీధిలో ఎవరింటికి వెళ్ళాలన్నా ముందు తల వంచాలి, ఆ తరవాత కాలు దించాలి. ఈ వరస తప్పి ముందు కాలు దించినవాళ్ళకి గుమ్మం పైకమ్మి నుదుటి మీద బొప్పి కట్టించి మరీ వరస నేర్పేది. పోస్టుమాను, పాలవాడు, కరెంటు బిల్లు కొట్టే కుర్రాడు అందరూ అలా నేర్చుకున్నవాళ్ళే.

ఆ వీధి పుట్టుకతో అలాంటిది కాదు. గడియారస్తంభం సెంటరుకి సరిగ్గా వెనకవీధి అది. ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో కాపరానికి వెళ్ళిన ప్రతి ఆడపిల్లా, పట్టాళంలో చేరిన ప్రతి కుర్రాడూ ఈ వీధిలో కొన్న రేకుపెట్టెతోనే బండెక్కారు. తెల్లారింది మొదలు రేకు మీద సుత్తి పడుతూనే ఉండేది. ఆ చప్పుడుకి అలవాటుపడ్డ పసిపిల్లలు పని ఆపిన రోజున నిద్రపోయేవారు కాదు. తరవాత చక్రాల సూట్‌కేసులొచ్చాయి. సుత్తులు ఒకటొకటే ఆగిపోయాయి. పెట్టెలవాళ్ళ ఇళ్ళు కొన్నవాళ్ళు అపార్టుమెంట్లు లేపారు. ఒకాయన సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. మూలమీద అద్దాల కాఫీ హోటలొకటి వెలిసింది. అందులో కాఫీ తాగేవాళ్ళు వీధిలోకి కనపడతారు, రేటు మాత్రం లోపలికి వెళ్తేగాని కనపడదు. మిగిలిన కాసిని పెంకుటిళ్ళలో పెట్టెల కోదండం ఇల్లొకటి. పెట్టెలు కొనేవాళ్ళు లేక అతను ఇప్పుడు బియ్యం డ్రమ్ములు, పిండి డబ్బాలు చేస్తున్నాడు.

కోదండం తండ్రి ఆ ఇల్లు కట్టినప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి అరుగు మీదికి వచ్చేవారు. ఆ తరవాత ఎన్నికలు వచ్చినప్పుడల్లా వీధికి ఒక రోడ్డు వేశారు. పుష్కరాలొస్తే ఒకటి వేశారు. మంత్రిగారు ఆ దారిన వెళ్తారంటే ఒకటి వేశారు; ఆయన వెళ్ళలేదు గాని రోడ్డు ఉండిపోయింది. పాతది తవ్వి తీసేసి కొత్తది వెయ్యాలని కాయితంలో ఉంటుంది. తవ్వడం కాయితంలో జరిగేది, వెయ్యడం వీధిలో జరిగేది. అలా రోడ్డు ముందు మెట్లని మింగింది, తరవాత అరుగుని మింగింది, ఇప్పుడు గుమ్మాన్ని నములుతోంది. వీధిలోంచి ఇంట్లోకి దిగడానికి కోదండం పాత రేకులతో ఒక మెట్లబల్ల చేసి వేసుకున్నాడు.

వానొస్తే వీధిలో పడ్డ నీళ్ళు ఎటు పోవాలో ఆలోచించుకోవు. తిన్నగా కోదండం ఇంట్లోకి వస్తాయి. రేకులు తుప్పు పడతాయి, పొయ్యి మునుగుతుంది, మంచం కింద చెప్పులు తేలతాయి. అతని భార్య అచ్చియ్యమ్మ కాపరానికొచ్చిన కొత్తలో చెంబుతో మొక్కలకి నీళ్ళు పోసేది. ఇప్పుడు అదే చెంబుతో ఇంట్లో నీళ్ళు తోడి వీధిలో పోస్తోంది. వీధి మళ్ళీ ఇంట్లోకి పంపిస్తోంది.

"ఏవయ్యా, చెప్పేది విను," అంది ఆవిడ ఎండాకాలం మధ్యలో. "మృగశిర కార్తె వచ్చేలోగా ఈ ఇల్లు మెరక కాకపోతే నేను మా తమ్ముడింటికి పోతాను. కాలవ అవతల వాడిల్లు ఎత్తుమీదుంది. అక్కడ పడుకుంటే ఒళ్ళు తడవదు."

"వాడి పెళ్ళాం నోరు తెరిస్తే తడుస్తావు కదే," అన్నాడు కోదండం.

"నీ నోటికన్నా నయమే."

ఆ మాట నిజమే. కోదండం చెడ్డవాడు కాదు, వాగుడుకాయ కూడా కాదు. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం మాత్రం అతనికి చేతకాదు. అన్నం తిన్నావా అంటే, లేదు దానికి దణ్ణం పెట్టి పక్కన పెట్టానంటాడు. ఆ వెటకారం బయటికి వచ్చేముందు అతని కింది పెదవి కొంచెం ఎడమవైపు జరుగుతుంది. ఆ జరగడం ప్రపంచంలో ఒక్క అచ్చియ్యమ్మకే తెలుసు. అది కనపడగానే ఆవిడ గబుక్కున చెయ్యి తీసుకెళ్ళి మొగుడి నోటికి అడ్డం పెడుతుంది. అలా ఆవిడ రెండు పెళ్ళిసంబంధాలు నిలబెట్టింది, ఒక పోలీసు కేసు తప్పించింది.

భార్య మాట మీద కోదండం జాకీలవాళ్ళతో మాట్లాడాడు. వాళ్ళు పునాది కింద జాకీలు వరసగా పెట్టి, తిప్పుకుంటూ తిప్పుకుంటూ ఇంటిని ఇల్లుగానే పైకి లేపుతారు. కోదండం బజారుకెళ్ళి మరీ చూసొచ్చాడు. ఒక బట్టలకొట్టు అలాగే లేచి కూర్చుంది. అయితే పాతపేటల్లో ఇల్లు లేపాలంటే పురపాలక సంఘం అనుమతి కావాలన్నారు. అర్జీ పెట్టాడు. అర్జీ ఎటో వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరిన ఒక ఉదయం, చేతిలో పలకలాంటి టాబు పట్టుకుని ఒకాయన వచ్చి, కోదండం గుమ్మం పైకమ్మికి ఠంగున నుదురు కొట్టుకుని, అక్కడే నిలబడిపోయాడు. ఆయన పేరు హయగ్రీవరావు. పురాతనపేటల స్వభావ పరిరక్షణ మండలికి విశేషాధికారి. ప్రతి పాతపేటకీ ఒక స్వభావం ఉంటుందనీ, దాన్ని కనిపెట్టి, నమోదు చేసి, కాపాడాలనీ పైవాళ్ళు అనుకుని ఆ మండలిని కొత్తగా పెట్టారు. పక్కనున్న పప్పులవీధికి వేయించిన శనగల వాసన స్వభావమని అప్పటికే రాసేశారు. పెట్టెలవీధి స్వభావం ఎంత వెతికినా హయగ్రీవరావుకి దొరకలేదు. గడువు దగ్గరపడింది. అలాంటి సమయంలో నుదుటికి ఈ కమ్మి తగిలింది.

ఇవేవీ కోదండానికి తెలియవు. తన అర్జీ గురించి వచ్చిన మనిషే అనుకున్నాడు. ఇన్నాళ్ళకి వచ్చినందుకు ఒళ్ళుమండి ఉన్నాడు.

"కోదండం గారు తమరేనా?"

"ఇంకా మునిగిపోలేదు గనక నేనేనండి."

హయగ్రీవరావు నుదురు తడుముకుంటూ లోపలికి దిగి, నాలుగువైపులా చూశాడు. "ఈ వీధియందలి ప్రాచీన గృహములన్నియు వీధి కన్న పల్లమున నిర్మింపబడి యుండుటకు హేతువేమి?"

కోదండం కింది పెదవి ఎడమవైపు జరిగింది. వంటింట్లోంచి అచ్చియ్యమ్మ అది చూసింది. కాని ఆవిడ చేతులు రెండూ మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి.

"హేతువంటే ఏముందండి," అన్నాడు కోదండం. "మా పెద్దోళ్ళకి వినయం ఎక్కువ. వీధి పెద్దది, ఇల్లు చిన్నది. చిన్నది పెద్దదానికన్నా ఎత్తులో కూర్చుంటే మర్యాద కాదని కిందికి కట్టుకున్నారు. ఆయ్."

హయగ్రీవరావు వేళ్ళు టాబు మీద టకటకా పడ్డాయి. "మరి ద్వారము ఇంత పొట్టిగా...?"

"కలెక్టరొచ్చినా దణ్ణం పెట్టుకునే లోపలికి రావాలనండి. ఇప్పుడు తమరు పెట్టలేదేటండీ?"

"వర్షాకాలమందు జలము లోనికి ప్రవేశించదా?"

"గంగమ్మ తల్లి కాళ్ళు అరిగేలా నడిచి ఇంటికొస్తే గుమ్మంలోంచి పంపేస్తామేటండీ? లోపలికి రమ్మంటాం. రెండ్రోజులుంచుకుంటాం. తరవాత చెంబుతో సాగనంపుతాం."

హయగ్రీవరావు కళ్ళు చెమర్చాయి. "అధోముఖ ప్రవేశము... జలాతిథ్యము..." అని గొణుక్కున్నాడు. "కోదండం గారూ, తమరు ఒక జాతి సంపద." వెళ్తూ వెళ్తూ, ఈసారి కావాలనే, కమ్మి కింద బాగా వంగి మరీ వెళ్ళాడు.

ఆ సాయంత్రం బుల్లబ్బాయి టీకొట్టు దగ్గర కోదండం జరిగిందంతా అభినయించి చెప్పాడు. జనం పడి పడి నవ్వారు. బుల్లబ్బాయికి టీ వడపోసే గుడ్డ చేతిలోంచి జారిపోయింది. "చెంబుతో సాగనంపుతామన్నావా కోదండం బావా? ఏడవలేదా ఆయన?" అంటే, "ఏడిచాడురా నిజంగానే," అన్నాడు కోదండం. దాంతో ఇంకోవిడత నవ్వారు.

వారం తిరక్కుండా పేపర్లో పడింది. ఇళ్ళని వీధికన్న కిందికి కట్టుకున్న మహనీయుల వీధి అని పెద్ద అక్షరాలు, కింద హయగ్రీవరావు ఫొటో, నుదుటిమీద బొప్పి. కోదండం ఆ పేపరు పట్టుకుని వీధంతా తిరిగాడు. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు. పేపరు మడిచి పొయ్యి దగ్గర పెట్టి, "జాకీలవాళ్ళు ఎప్పుడొస్తారు?" అని అడిగింది.

అనుమతి రాకపోయినా జాకీలవాళ్ళు చెప్పిన రోజుకే వచ్చారు. లారీలోంచి జాకీలు దింపుతూ ఉండగా మండలివాళ్ళ జీపు కూడా వచ్చింది. జీపులోంచి ఒక బంట్రోతు దిగి గోడకి నీలంరంగు పలక ఒకటి మేకులతో కొట్టాడు. దానిమీద 'వినమ్ర గృహము, ప్రథమ శ్రేణి' అని ఉంది. ఆ తరవాత హయగ్రీవరావు ఒక ఉత్తర్వు చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు గృహము పెట్టెలవీధి యొక్క సహజ వినయమునకు ఆదిమ సాక్ష్యము అగుటవలన, దానిని అంగుళమైనను పైకి లేపుట వినయభంగముగా పరిగణింపబడును. లేపినవారును, లేపించినవారును, లేచుచుండగా చూచి ఊరకున్నవారును శిక్షార్హులు."

జాకీలవాళ్ళ మేస్త్రీ ఆ చివరి ముక్క విని, చూడ్డం కూడా తప్పేనేమోనని ఇంటికి వీపు తిప్పి నిలబడ్డాడు. కాసేపటికి జాకీలు మళ్ళీ లారీ ఎక్కాయి.

అచ్చియ్యమ్మ మొగుడికేసి చూసి, మెట్లబల్ల దిగి లోపలికి పోయింది.

కోదండం ఉతికిన చొక్కా తొడుక్కుని మండలి ఆఫీసుకి వెళ్ళాడు. అప్పటికే ఆ ఆఫీసుని వీధి మొదట్లోని అపార్టుమెంటులోకి మార్చారు. హయగ్రీవరావు పక్కన ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. కోదండం చేతులు కట్టుకుని, జన్మలో మొదటిసారి అడగకుండానే తిన్నగా చెప్పాడు.

"అయ్యా, మొన్న నేనన్నది వెటకారం. మా నాన్న ఇల్లు మూడు మెట్ల ఎత్తునే కట్టాడు. ఇల్లు దిగలేదు, రోడ్డు లేచింది. పాత రోడ్డు తవ్వకుండా దానిమీద రోడ్డు, దానిమీద రోడ్డు వేసుకుంటూ పోయారు. అంతే సంగతి."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "దీనికి ఆధారమేమి?" అన్నాడు హయగ్రీవరావు.

"ఆధారమా? ఆ అబద్ధానికి మొన్న తమరు ఏ ఆధారమూ అడగలేదు కదండీ?"

"మొన్న తమరు స్థానికులు. నేడు అర్జీదారులు," అన్నాడు హయగ్రీవరావు ఓపిగ్గా. "స్థానికుని వాక్కు చరిత్ర. అర్జీదారుని వాక్కు స్వార్థము. రెండింటినీ ఒకే తక్కెడలో వేయజాలము."

"పోనీ రోడ్డు తవ్వి చూడండి. కింద మెట్లుంటాయి."

"వారసత్వ వీధిని తవ్వుట నేరము," అన్నాడు ఒక సభ్యుడు.

"పైగా తమ పూర్వీకుల వినయమును తమరే కించపరచుచున్నారు," అన్నాడు రెండో సభ్యుడు. అతనికి నిజంగానే బాధ కలిగింది. "తమ తాతగారు బతికియున్నచో ఎంత నొచ్చుకొనెడివారో!"

కోదండం తాత కల్లు తాగి కరణాన్ని కొట్టిన మనిషి. ఆ సంగతి చెప్పబోయి, అదికూడా టాబులో ఎక్కించుకుంటారని భయపడి, లేచి వచ్చేశాడు.

అక్కణ్ణుంచి వినయం వీధిలో ఊరుకోలేదు. ఒక వీధికి ఒకే స్వభావం ఉండాలి గనక, మెట్లెక్కి లోపలికెళ్ళే ప్రతి కట్టడమూ అహంకార నిర్మాణమని మండలి తేల్చింది. మొదటి నోటీసు అద్దాల కాఫీ హోటలుకి వెళ్ళింది. ఆ యజమాని తెలివైనవాడు. గచ్చు పగలగొట్టి హోటలుని నడుంలోతు కిందికి దింపి, గుమ్మానికి అడ్డంగా ఇనపకమ్మి వేయించి, అదే కాఫీని వినయ కాఫీ అని పేరుమార్చి రేటు పెంచాడు. సెల్‌ఫోన్ల కొట్టువాడు కొట్టుని దింపలేక కౌంటరుని దింపాడు. ఫోను కావాలన్నవాడు మోకాళ్ళమీద కూర్చుని బేరమాడాలి. అపార్టుమెంటులో లిఫ్టు తలుపుకి సగం దాకా చెక్క కొట్టారు. నాలుగో అంతస్తులో ఉండే బ్యాంకు మేనేజరు రోజూ పొద్దున్న ఆఫీసుకి వంగుని బయల్దేరి, సెంటరు దాటాక నిటారు అవుతున్నాడు.

శనాదివారాలు వినయయాత్ర మొదలైంది. పెద్ద పెద్ద ఊళ్ళనుంచి జనం బస్సుల్లో వచ్చి, గొడుగు పట్టుకున్న ఒక గైడమ్మాయి వెనకాల నడిచేవారు. ఆ యాత్రకి కోదండం ఇల్లే ఆఖరి మజిలీ. కోదండం డ్రమ్ముకి అంచు మడుస్తూ ఉంటే ఒక్కొక్కరే కమ్మి కింద వంగి, లోపలికి తల పెట్టి, "ఆహా" అని, తల తీసుకుని వెళ్ళేవారు. అచ్చియ్యమ్మ అన్నం తింటున్నప్పుడు కూడా తలలు వచ్చేవి.

"తల్లీ, వాన నీళ్ళు వస్తే చెంబుతో సాగనంపుతారట గదా, ఒక్కసారి చేసి చూపిస్తారా?" అని ఒకావిడ అడిగింది.

"చూపిస్తానమ్మా. లోపలికి రండి. చెంబు మీకే ఇస్తాను," అంది అచ్చియ్యమ్మ.

ఆవిడ రాలేదు.

తరవాత కొలతలు తీశారు. కొన్ని ఇళ్ళు మోకాలి వినయంలో ఉన్నాయనీ, కొన్ని చీలమండ వినయంలోనే మిగిలిపోయాయనీ తేలింది. వీధిలో వినయం హెచ్చుతగ్గులుగా ఉండకూడదని మండలి సమావేశం పెట్టింది. అన్ని ఇళ్ళనీ ఒకే లోతుకి దింపడం ఎలా అని పెద్ద చర్చ జరిగింది. చివరికి రోడ్డు కాంట్రాక్టరు సత్యంబాబు లేచి నమస్కారం పెట్టాడు.

"ఇళ్ళు దింపడం ఎందుకండీ, గోడలు బీటలిస్తాయి. రోడ్డు లేపేద్దాం. ఇళ్ళన్నీ వాటంతటవే కిందికెళ్ళిపోతాయి. రోడ్డు లేపడం మా నాన్నగారి నుంచీ మా ఇంట్లో ఉన్న విద్యండి."

సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ వీధి ఇళ్ళని ముంచిన చెయ్యి ఎవరిదో ఆ ఒక్క ముక్కలోనే ఉంది. అది ఎవరూ ఎక్కించుకోలేదు, సత్యంబాబు ఆ వీధి స్థానికుడు కాడు గనక.

రోడ్డు లేచింది. కోదండం గుమ్మం సగానికి సగం వీధిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు వంగితే సరిపోదు, పాకాలి. రేకుషీట్లు లోపలికి పట్టక అతను పని ఆపేసి కూర్చున్నాడు. ఆ వీధిలో ఆఖరి సుత్తి అలా ఆగింది. దాన్ని గురించి మండలి ఏమీ అనలేదు. సుత్తి చప్పుడు వీధి స్వభావమని ఎవరూ చెప్పలేదు కదా.

మృగశిర ప్రవేశించింది. మధ్యాహ్నం పూట నల్లగా కమ్మి, ధారగా కురిసింది. నీళ్ళు గుమ్మంలోంచే కాదు, కిటికీలోంచి కూడా వచ్చాయి. కోదండం, అచ్చియ్యమ్మ చెరో చెంబూ పట్టుకుని తోడారు. తోడి పొయ్యడానికి వీధి గుండెల ఎత్తులో ఉంది. పోసినదంతా మొహంమీదే పడింది. అచ్చియ్యమ్మ కాసేపటికి చెంబు నీళ్ళలోకి వదిలేసింది. అది తేలుకుంటూ మంచం కిందికి పోయింది.

ఆవిడ అటకమీంచి పెళ్ళినాటి రేకుపెట్టె దింపింది. అది కోదండం చేసిందే, మూతమీద రెండు చిలకలు కూడా వేశాడు. బట్టలు సర్దుకుని కిటికీలోంచి పెట్టెని ముందు వీధిలోకి తోసి, తరవాత తనూ ఎక్కింది.

"జాకీలు రాలేదు," అంది పైనుంచి. "నేను పోతున్నాను. నీ వినయంలో నువ్వు కూర్చో."

కోదండం పెదవి జరగలేదు.

తరవాత వారం రోజులు అతను టీకొట్టు దగ్గర కూడా ఒక్క వెటకారమూ ఆడలేదు. టీ ఎలా ఉందంటే, బాగుంది అనేవాడు. బుల్లబ్బాయికి భయమేసింది. "కోదండం బావా, పోనీ ఒక తిట్టు తిట్టు," అని బతిమాలాడు. కోదండం గ్లాసు కిందపెట్టి, రోడ్డుకేసి చాలాసేపు చూశాడు. చూసి చూసి, "బుల్లబ్బాయ్, నిజం చెప్తే వాళ్ళకి ఎక్కదురా," అన్నాడు. లేచి, అలాగే మండలి ఆఫీసుకి వెళ్ళాడు.

హయగ్రీవరావు అనుమానంగా చూశాడు. "తమరు అర్జీదారులుగా వచ్చితిరా, స్థానికులుగానా?"

"స్థానికుడిగానేనండి. అర్జీ గిర్జీ ఏంలేదు. ఒక ముక్క గుర్తొచ్చింది, చెప్పి పోదామని."

హయగ్రీవరావు టాబు తీశాడు. కోదండం పెదవిని పళ్ళకింద తొక్కిపెట్టి, మొహం తిన్నగా పెట్టుకుని మొదలుపెట్టాడు.

"మా పెద్దోళ్ళు ఏటేటా దింపుడు జాతర చేసేవారండి. ఎండాకాలమంతా ఇల్లు వీధికి దణ్ణం పెట్టింది కదా, వానాకాలం వీధి ఇంటికి దణ్ణం పెట్టాలి. అందుకని ఆరుద్ర కార్తె రాకముందే ఊరంతా పలుగూ పారా పట్టుకుని వచ్చి, మేళంతో వీధిని తవ్వుకుంటూ, అడుగునున్న మెట్టు కనపడేదాకా దింపేసేవారు. ఒక్కళ్ళే వంగుతూ ఉంటే అది వినయం కాదండి, నడుంనొప్పి."

"పరస్పర వినయము!" హయగ్రీవరావు కుర్చీలోంచి లేచాడు. "ఎంత సమున్నత భావన! ఇంత గొప్ప ఆచారము ఏల అంతరించినది?"

"మేళగాళ్ళు దొరక్కపోబట్టండి."

ఆధారమేమి అని ఎవరూ అడగలేదు.

దింపుడు జాతరకి మంత్రిగారు వచ్చారు. మొదటి పలుగుకి పసుపూ కుంకుమా పెట్టారు. మంత్రిగారు పలుగు ఎత్తినట్టు ఫొటో దిగాక యంత్రాలు మిగతా పని చేశాయి. నాదస్వరం, డోలు, తవ్వుడు యంత్రం కలిసి మోగాయి. రోడ్డు కింద రోడ్డు, దానికింద రోడ్డు బయటపడ్డాయి. మధ్యమధ్యలో ఒక్కో ఏడాది నాటి శంకుస్థాపన రాళ్ళు బోర్లా పడి కనిపించాయి. తిరగేసి చూస్తే ఒక్కోదానిమీద ఒక్కో నాయకుడి పేరు, అందరూ అదే రోడ్డుని మొదటిసారి వేసినవాళ్ళే. అవి పూర్వకాలపు శాసనాలని హయగ్రీవరావు కడిగించి దాచాడు. ఏ ఒక్కదాన్నీ చదవలేదు.

మూడోరోజుకి కోదండం ఇంటిముందు మొదట అరుగు, తరవాత మెట్లు ఒకటొకటే తేలాయి. అట్టడుగు మెట్టుమీద అతని తండ్రి ఉలితో చెక్కిన పులిజూదం గీతలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. కోదండం కాళ్ళమీద కూర్చుని ఆ గీతల్లో ఇరుక్కున్న తారుని గోటితో గీకి తీశాడు. ఎంత గీకినా ఒక పులి ఇంట్లో కొంచెం మిగిలిపోయింది.

కబురు కాలవ దాటింది. అచ్చియ్యమ్మ చిలకల పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చి, వీధిలో నిలబడి, తల పైకెత్తి తన ఇంటిని చూసింది. అలా పైకెత్తి చూసి ఎన్నేళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు. మూడు మెట్లూ ఎక్కి పెట్టె దింపి అరుగుమీద కూర్చుంది. ఆ సాయంత్రం పెద్దవాన పడింది. ఇద్దరూ కాళ్ళు చాపుకుని చూశారు. నీళ్ళు వాళ్ళింటికేసి కూడా చూడకుండా, మెట్టు అంచు రాసుకుంటూ, మురిక్కాలవ వైపు పరుగెత్తాయి.

"నీ నోటితో మొదటిసారి ఒక మంచిపని జరిగిందయ్యా," అంది అచ్చియ్యమ్మ.

మర్నాడు పొద్దున్న వీధి మొదట్లో రోడ్డు రోలరు వచ్చి నిలబడింది. దాని చక్రానికి బంతిపూల దండ వేసి ఉంది. ముందు హయగ్రీవరావు, పక్కన సత్యంబాబు, తిన్నగా కోదండం అరుగు దగ్గరికి వచ్చారు.

"కోదండం గారూ, ఒక్క సంశయము మిగిలినది," అన్నాడు హయగ్రీవరావు టాబు తెరుస్తూ. "వీధిని దింపిన పిమ్మట మీ పెద్దలు ఏమి చేయువారు? అట్లే ఉంచువారా, తిరిగి పూడ్చువారా? జాతరకు ముగింపు ఉండవలె గదా!"

సత్యంబాబు చేతులు నలుపుకుంటూ చిరునవ్వు నవ్వాడు.

కోదండం సత్యంబాబునీ చూశాడు, దండ వేసుకున్న రోలరునీ చూశాడు. చూడ్డంతోటే నాలిక చివరికి మాట వచ్చేసింది. మళ్ళీ పూడ్చకపోతే ఈ కాంట్రాక్టరుగారు ఏం తిని బతుకుతారండీ, అని. ఇల్లు, భార్య, మూడు మెట్లు, ఏవీ గుర్తు రాలేదు. అంత చక్కటి మాట దిగమింగడం అతని ఒంట్లో లేదు. కింది పెదవి ఎడమవైపు జరిగింది.

అచ్చియ్యమ్మ చేతిలో చీపురు పారేసి గబుక్కున వచ్చి మొగుడి నోరు అరచేత్తో మూసేసింది. కోదండం ముక్కుతో ఏదో అన్నాడు. ఆవిడ ఇంకా గట్టిగా నొక్కింది.

హయగ్రీవరావు నిర్ఘాంతపోయాడు. "అమ్మా, ఇది యేమి?"

"మా వీధి ఆచారమండి," అంది అచ్చియ్యమ్మ. ఆవిడ పెదవులు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. "అధికారులొచ్చి అడిగితే మగోళ్ళ నోరు ఆడోళ్ళు మూస్తారు. తాతల నాటిది."

"మరి వీధి సంగతి?"

"ఏంలేదండి. దింపినది దింపినట్టే ఉంచేస్తారు."

"సార్, ఆవిడ ఏదో..." అన్నాడు సత్యంబాబు.

"స్థానిక వాక్కు!" అని హయగ్రీవరావు చెయ్యి పైకెత్తాడు. అప్పటికే ఆయన వేళ్ళు టకటకలాడుతున్నాయి. సత్యంబాబు కాసేపు గొణిగి, రోలరుని వెనక్కి తిప్పించి, దండతో సహా పప్పులవీధిలోకి తోలించాడు. ఆ వీధివాళ్ళు కూడా బాగానే మాట్లాడతారని వినికిడి.

పెట్టెలవీధికి ఆ తరవాత రోడ్డు వెయ్యలేదు. ఇక వెయ్యరు కూడా, తవ్విన వీధిగానే కాపాడాలని ఉత్తర్వుంది. ఎండలో దుమ్ము, వానలో మోకాలిలోతు బురద. కాఫీ హోటలువాడు దింపిన గచ్చు మళ్ళీ లేపుకోలేక బురద కాఫీ అని పేరు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాడు. బ్యాంకు మేనేజరు లిఫ్టులో వంగుతూనే ఉన్నాడు. కాని కోదండం ఇంట్లో మంచంకింద చెప్పులు కదలకుండా పడుంటున్నాయి, రేకుషీట్లు మెట్లెక్కి లోపలికి వస్తున్నాయి, పొద్దున్నే సుత్తి పడుతోంది.

నెలకోసారి హయగ్రీవరావు తనిఖీకి వస్తాడు. ఉత్తర్వు ప్రకారం ఆ పూట వీధిలో ఆడవాళ్ళందరూ గుమ్మాల్లో నిలబడి తమ తమ మొగుళ్ళ నోళ్ళు మూసి ఉంచాలి. బురదలో పంచె ఎత్తిపట్టుకుని, అటూ ఇటూ చూసి తల ఊపుకుంటూ ఆయన నడుస్తాడు. కోదండం అరుగు ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి దణ్ణం పెడతాడు. అప్పుడు అచ్చియ్యమ్మ అరచేతిలో, లోపలివైపు, కింది పెదవి మెల్లిగా ఎడమకి జరుగుతుంది. ఆవిడ ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది.